నోటుబుక్కు రాత తెర మీద స్లైడు ఎట్లా అవుతుంది?

(9వ తరగతి విద్యార్థిని)



తల్లిదండ్రుల సమావేశం నాడు మా తరగతి వాళ్ళం తెర మీద స్లైడ్లు వేసి కొడవలి కణ జబ్బు, అనగా సికిల్ సెల్ గురించి చెప్పినము గదా. అప్పటినుంచి మెస్సులో పళ్ళెం పట్టుకొని వరుసలో నిలబడితే చాలు, "అక్కా, గవి ఎట్ల చేసిండ్రు? మౌసు పట్టి ఎన్ని రోజులు గీసిండ్రు?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికి చెప్పేసరికి అన్నం చల్లారిపోతున్నది. అందుకని ఈ నెల గోడపత్రికలో రాస్తున్నాను. కంప్యూటరు పీరియడు ఇంకా మొదలుకాని చెల్లెళ్ళకు కూడా అర్థం కావాలని మెల్లగా చెప్తాను. తెలిసినవాళ్ళు విసుక్కోవద్దు.

ముందు ఒక సంగతి. మేము మౌసు పట్టలేదు. ఆ 11 స్లైడ్లూ మొదట నోటుబుక్కులో పెన్సిలుతో రాసినవే. రాసినదాన్ని ఉన్నది ఉన్నట్టు కంప్యూటరులో టైపు చేసినము. దాన్ని స్లైడ్లుగా మార్చింది ఒక ప్రోగ్రాము. మార్చడానికి పట్టిన టైము, మన నీళ్ళ ట్యాంకు దగ్గర బకెట్టు నిండేంత కూడా కాదు.

ఉత్త రాత, గుర్తుల రాత

ఈ గోడపత్రిక ఎట్లా తయారవుతుందో మీకు తెలుసు. మనం గీతల కాగితం మీద వ్యాసం రాసి ఇస్తాము. చేతిరాత బాగున్న అక్కలు దాన్ని చార్టు మీద ఎత్తి రాస్తారు. నేను ఇచ్చే కాగితంలో శీర్షిక కింద ఒక గీత గీస్తాను. "దీన్ని ఎర్ర స్కెచ్చుతో ఇంత లావుగా రాయండి" అని నేను చెప్పను. గీత చూస్తే ఇది శీర్షిక అని అక్కకు తెలుస్తుంది. ఏ రంగు వెయ్యాలి, ఎంత జాగా వదలాలి అన్నది ఆమె పని. వచ్చే నెల ఆకుపచ్చ స్కెచ్చు వాడుకున్నా నా కాగితం మార్చే అవసరం లేదు.

స్లైడ్ల సంగతి కూడా అచ్చం ఇట్లనే. ఉత్త రాత ఫైలు అంటే అందులో అక్షరాలు తప్ప ఇంకేమీ ఉండవు. రంగు లేదు, సైజు లేదు, బొమ్మ లేదు. గీతల కాగితం లాంటిది. దానిలో మనం కొన్ని చిన్న గుర్తులు పెడతాము. ఇది మా ఫైలులో ఒక ముక్క:

# నెత్తురులో ఏముంటాయి?

- ఎర్ర కణాలు
- తెల్ల కణాలు
- ప్లేట్‌లెట్లు
- ప్లాస్మా అనే ద్రవం

# మామూలు కణం, కొడవలి కణం

- మామూలు ఎర్ర కణం గుండ్రంగా ఉంటుంది, సుమారు 120 రోజులు బతుకుతుంది
- కొడవలి కణం వంకరగా ఉంటుంది, 10 నుంచి 20 రోజుల్లోనే విరిగిపోతుంది

మొదట ఉన్న ఆ గుర్తు మనం సున్నా–ఇంటూ ఆట ఆడేటప్పుడు నేల మీద గీసే గడి లాగ ఉంటుంది. దాన్ని హ్యాష్ అంటారు. వరుస మొదట్లో హ్యాష్ పెట్టి, ఒక ఖాళీ వదిలి, మాట రాస్తే "ఇక్కడ కొత్త స్లైడు మొదలు, ఇది దాని తలకట్టు" అని అర్థం. చిన్న అడ్డగీత పెడితే "ఇది ఒక పాయింటు" అని అర్థం. ఫైలు అన్నిటికంటె పైన శాతం గుర్తుతో మూడు వరుసలు రాస్తే మొదటి వరుస పేరు, రెండోది రాసినవాళ్ళు, మూడోది తేదీ అయి అట్ట లాంటి మొదటి స్లైడు వస్తుంది. ఏదైనా మాటకు ముందు రెండు చుక్కగుర్తులు, వెనక రెండు చుక్కగుర్తులు పెడితే ఆ మాట లావుగా వస్తుంది. చుక్కగుర్తు అంటే ఆకాశంలో చుక్క లాంటిది, ఫుల్‌స్టాపు కాదు.

ఇంతే. నిజంగా ఇంతే. బొమ్మ పెట్టడానికి ఇంకో గుర్తు ఉంది, అది ల్యాబులో చూపిస్తాను.

ఒక్క దగ్గర మాత్రం చాలామంది ఆగిపోతారు. మామూలు వాక్యం రాసి వెంటనే కింద అడ్డగీతలతో పాయింట్లు మొదలుపెడితే ప్రోగ్రాము వాటిని పాయింట్లు అనుకోదు, ఆ వాక్యానికే అతికించి ఒకే పేరా చేస్తుంది. మధ్యలో ఒక వరుస ఖాళీ వదలాలి. హ్యాష్ వరుసకు ముందు కూడా అంతే. చదివేటప్పుడు ఊపిరి తీసుకున్నట్టు రాసేటప్పుడు ఒక వరుస వదలాలని గుర్తుపెట్టుకోండి.

ఈ గుర్తుల పద్ధతి పేరు మార్క్‌డౌన్. 2004లో జాన్ గ్రూబర్ అనే అమెరికా ఆయన పెట్టిండు, ఆరన్ స్వార్ట్జ్ అనే యువకుడు దానికి సాయం చేసిండు. కంప్యూటరు లేకున్నా, కాగితం మీద చూసినా చదవగలిగేటట్టు ఉండాలన్నది వాళ్ళ ఆలోచన. మా నోటుబుక్కు పేజీ మా వార్డెన్ మేడమ్‌కు చూపిస్తే ఎవరూ చెప్పకుండానే ఏది తలకట్టో ఏది పాయింటో చెప్పింది.

నలుగురి చేతులు మారి

ఇప్పుడు ఈ రాత స్లైడు అయ్యే దారి చెప్తాను. మన ఊర్ల జొన్నలు రొట్టె కావాలంటే దంచేవాళ్ళు, విసిరేవాళ్ళు, కలిపేవాళ్ళు, కాల్చేవాళ్ళు ఉన్నట్టు ఇక్కడ కూడా పని చేతులు మారుతుంది.

మొదటి చెయ్యి పాండాక్. దీన్ని రాసినాయన జాన్ మెక్‌ఫార్లేన్. ఆయన కంప్యూటరు సారు కాదు, కాలిఫోర్నియాలో బర్కిలీ అనే చోట విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చెప్పే సారు! 2006లో మొదలుపెట్టిండు. ఒక రకం రాతను ఇంకో రకం రాతగా మార్చడమే పాండాక్ పని. దుబాసీ అన్నమాట. మా బాపు అంగడికి పోతే గోండి తెలియని షావుకారుకు మధ్యలో మాట చెప్పే మనిషి ఉంటాడు, అట్లాంటిది. మన హ్యాష్‌లను, అడ్డగీతలను చదివి లాటెక్ అనే ఇంకో భాషలోకి మారుస్తుంది.

లాటెక్‌ను 1980ల్లో లెస్లీ లాంపోర్ట్ తయారుచేసిండు. దాని కింద ఇంకా పాతది టెక్ ఉంది. టెక్ కథ నాకు బాగా నచ్చింది కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను. డోనాల్డ్ నూత్ అని స్టాన్‌ఫర్డ్‌లో ఒక ప్రొఫెసరు. ఆయన రాసిన పుస్తకం 1977లో రెండోసారి అచ్చుకు పోతే, కొత్త రకం యంత్రం మీద తీసిన అచ్చు నమూనా చూసి ఆయనకు నచ్చలేదు. లెక్కల గుర్తులు అందంగా లేవు. మనమైతే ఏం చేస్తాము? ఊకుంటాము. ఆయన తన పుస్తకం పక్కన పెట్టి, అచ్చుకు అక్షరాలను పేర్చే ప్రోగ్రామే రాయడం మొదలుపెట్టిండు. అదే టెక్. దానిలో తప్పు పట్టి చూపించినవాళ్ళకు చెక్కు ఇస్తానని చెప్పి నిజంగానే ఇచ్చిండు. టెక్‌కు కొత్త రూపం వచ్చినప్పుడల్లా నంబరు 4, 5 అని పెరగదు. పై విలువకు ఒక అంకె కలుస్తుంది. 3.14, 3.141, 3.1415 అట్ల. వృత్తం లెక్కలు చేసేటప్పుడు పై విలువ ఎందుకు నేర్చుకోవాలని అడిగే చెల్లెళ్ళు ఇది చదవండి.

మూడో చెయ్యి బీమర్. లాటెక్ పుస్తకాల కోసం పుట్టింది, స్లైడ్ల కోసం కాదు. 2003లో టిల్ టాంటౌ అనే జర్మనీ విద్యార్థి తన పిహెచ్‌డి సభలో చూపించడానికి స్లైడ్లు కావాలని దీన్ని రాసుకున్నాడు. జర్మనీలో ప్రొజెక్టరును బీమర్ అంటారట. ఒక విద్యార్థి తన అవసరానికి చేసుకున్నది ఇప్పుడు మన దాకా వచ్చింది.

చివరి చెయ్యి ఈ లాటెక్ రాతను చదివి పీడీఎఫ్ అనే ఫైలును బయటికి తీస్తుంది. ఈ చివరి చెయ్యి దగ్గరనే మన తెలుగుకు అసలు కష్టం.

"రక్తం" రెండు ముక్కలు ఎందుకైంది

కంప్యూటరుకు అక్షరం తెలియదు, నంబరు తెలుసు. ప్రపంచంలో చాలా లిపుల్లోని అక్షరాలకు ఒక్కొక్క నంబరు ఇచ్చిన పట్టిక ఉంది. దాని పేరు యూనికోడ్. 1991లో వచ్చిన మొదటి పట్టికలోనే తెలుగు ఉంది. కానీ వత్తులకు వేరే నంబర్లు లేవు. "స్త్రీ" అనే అక్షరం చూడండి. మన కంటికి ఒక్కటే అక్షరం. ఫైలులో అది ఆరు నంబర్లు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఈ ఆరింటిని కలిపి ఒకటిగా పేర్చి గీయాలి. ఆ పేర్చే పద్ధతి ఫాంటులో ఉంటుంది. దాన్ని అడిగి చేయించుకునే తెలివి ప్రోగ్రాములో ఉండాలి.

పాండాక్‌కు ఏమీ చెప్పకపోతే అది పీడీఎఫ్ లాటెక్ అనే పాత ప్రోగ్రామును పిలుస్తుంది. అది మొదటి తెలుగు అక్షరం దగ్గరనే "ఇది నాకు తెలియదు" అని ఆగిపోతుంది. అందుకే జీటెక్ అనే ఇంకోదాన్ని పిలవమని చెప్పాలి. జీటెక్‌ను జోనాథన్ క్యూ అనే ఆయన 2004లో బయటికి తెచ్చిండు. అప్పుడు ఆయన ఎక్కువమందికి తెలియని చిన్న చిన్న భాషల మీద పనిచేసే సంస్థలో ఉన్నాడు. మన లాంటి లిపుల కోసమే దాన్ని చేసిండ్రు అన్నమాట.

జీటెక్‌ను పిలిచినా ఫాంటు పేరు చెప్పకపోతే తెలుగు ఉన్న చోటల్లా ఖాళీ వస్తుంది. ఎందుకంటే అది సొంతంగా తీసుకునే ఫాంటులో తెలుగు లేదు. మేము నోటో సాన్స్ తెలుగు అనే ఫాంటు పెట్టినము. అది ఉచితం. ఫాంటు లేనప్పుడు తెర మీద చతురస్రం డబ్బాలు వస్తాయి గదా, వాటిని టోఫు అంటారట. టోఫు అంటే సోయాతో చేసే పన్నీరు లాంటి ముక్క. "టోఫు వద్దు" అనే ఇంగ్లీషు మాట నుంచి నోటో అని పేరు పెట్టిండ్రు.

ఫాంటు పేరు ఒక్కటి చెప్తే కూడా చాలదు. "లిపి తెలుగు" అని వేరేగా చెప్పాలి. చెప్పకముందు మా మొదటి పీడీఎఫ్‌లో అక్షరాలు వచ్చినయి, వత్తులు రాలేదు. రక్తం అన్న మాట "రక్", "తం" అని విడిపోయి వచ్చింది. 11 స్లైడ్ల పాఠమే రక్తం గురించి! ప్రతి స్లైడులో అదే మాట విరిగి ఉంది. మా కంప్యూటరు సారు ఫాంటు మాట పక్కన లిపి మాట చేర్చగానే అన్నీ ఒక్కసారే అతుక్కున్నయి. ఆ రోజు మా బెంచీలో అందరం చప్పట్లు కొట్టినము.

పీడీఎఫ్ ఎందుకు కావాలి

ఇది చెప్పాలంటే పోయిన సంవత్సరం సంగతి ఒకటి రాయాలి. వేరే ఊరిలో జరిగిన సైన్సు ప్రదర్శనకు మన స్కూలు అక్క ఒకామె అడవిలో దొరికే మందుమొక్కల మీద స్లైడ్లు తీసుకొని పోయింది. టౌనులో టైపు చేయించిన స్లైడ్లు. మొక్కల పేర్లన్నీ వాళ్ళ అవ్వను అడిగి రాసుకున్నది. అక్కడి కంప్యూటరులో పెట్టేసరికి తెలుగు ఉన్న ప్రతి చోట ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు, డాలరు గుర్తులు కలిసి పిచ్చి గీతలు వచ్చినయి. చూడవచ్చినవాళ్ళు రెండు నిమిషాలు నిలబడి పక్క బల్ల దగ్గరికి పోయిండ్రు. అక్క నోటితో చెప్తనే ఉన్నది గాని వినేవాళ్ళు లేరు. బస్సులో వచ్చేటప్పుడు ఒక్క మాట మాట్లాడలేదు. ఇది ఆమె తప్పు కాదు.

కారణం ఏందంటే, యూనికోడ్ అలవాటు కాకముందు నుంచి వాడే పాత తెలుగు ఫాంట్లు ఉన్నాయి. వాటిలో ఇంగ్లీషు అక్షరాల నంబర్లకే తెలుగు రూపాలు తొడిగి ఉంటారు. ఫైలు లోపల ఉన్నది ఇంగ్లీషు నంబర్లు, పైన కనబడేది తెలుగు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఆ తొడుగు ఊడిపోయి లోపలిది కనబడుతుంది. ఇప్పటికీ కొన్ని టైపింగు షాపుల్లో అవే వాడుతున్నారు.

పీడీఎఫ్ అట్లా కాదు. 1993లో అడోబ్ అనే కంపెనీ తెచ్చిన పద్ధతి ఇది, 2008లో అంతర్జాతీయ ప్రమాణం అయింది. మన ఫైలులో ఏ ఏ అక్షరాలు వాడినమో వాటి రూపాలను పీడీఎఫ్ తన లోపలనే మూట కట్టుకొని తీసుకుపోతుంది. ఊరికి పోయేటప్పుడు సద్ది మూట కట్టుకున్నట్టు. అవతలి కంప్యూటరులో ఫాంటు ఉన్నా లేకున్నా దానికి పట్టింపు లేదు. ఫోనులో తెరిచినా అదే రూపం. అందుకే ఇక మీదట ప్రదర్శనలకు పోయే చెల్లెళ్ళు పెన్ డ్రైవులో పీడీఎఫ్ ఒకటి, ఉత్త రాత ఫైలు ఒకటి రెండూ పెట్టుకొని పోవాలని నా అభిప్రాయం. ఉత్త రాత ఫైలు పెద్ద బరువు కాదు. ఒక్కొక్క తెలుగు నంబరుకు 3 బైట్లు పడతాయి. 2000 నంబర్ల రాత అయినా 6000 బైట్లు, అనగా ఫోనుతో తీసిన ఒక్క ఫొటోలో వందో వంతు కూడా ఉండదు.

ఆయమ్మ చెప్పిన మాట

సమావేశానికి రెండు రోజుల ముందు మేము భోజనాల హాలులో రిహార్సలు వేసినము. మన వంటింటి ఆయమ్మ గిన్నెలు తోముకుంటనే విన్నది. అయిపోయినంక దగ్గరికి వచ్చి అన్నది: "బిడ్డా, రక్తం రక్తం అంటున్నరు. అది సార్ల మాట. మీ అమ్మలు వచ్చేది గూడేల నుంచి. నెత్తురు అనుండ్రి."

మాకు తట్టనే లేదు. గోండిలో కూడా మేము నెత్తుర్ అనే అంటాము. పుస్తకంలో రక్తం అని ఉంటే రక్తం అని రాసుకున్నాము. మా అమ్మ బడికి పోలేదు, బాపు సంతకం వరకే. వాళ్ళకు తెర మీది అక్షరం ఎట్లాగూ అందదు, నోటి మాట అయినా అందాలి గదా. మేము స్లైడు చూసే చదువుతాము, స్లైడులో ఏముంటే నోటికి అదే వస్తుంది.

మౌసుతో చేసిన స్లైడ్లలో ఆ మాట డబ్బా డబ్బాలో వేరుగా ఉంటుంది. వాటిలోనూ వెతికి మార్చే పద్ధతి ఉంది. కానీ కొత్త మాట పొడుగై డబ్బాలో పట్టకపోతే మళ్ళా ఒక్కొక్కటి సర్దుకోవాలి. ఇక్కడ మేము "అన్ని ఫైళ్ళలో రక్తం ఉన్న చోట నెత్తురు పెట్టు" అని ఒక్క కమాండు ఇచ్చి, మళ్ళా పీడీఎఫ్ తీసినము. వరుసలు వాటంతట అవే సర్దుకున్నయి. కాకపోతే కంప్యూటరుకు వ్యాకరణం రాదు. "రక్తంలో" అన్నది "నెత్తురులో" అయింది, సరే. "రక్తపు పరీక్ష", "రక్తాన్ని" అన్నవి మాత్రం అట్లనే మిగిలిపోయినయి, ఎందుకంటే వాటిలో "రక్తం" అనే అక్షరాల వరుస లేదు. అవి కంటితో వెతికి చేత్తో మార్చినము.

సమావేశంలో ఇద్దరు తల్లులు లేచి, మా పిల్లకు నెత్తురు పరీక్ష ఎక్కడ చేస్తరని అడిగిండ్రు. దేశమంతటా సికిల్ సెల్‌ను 2047 నాటికి లేకుండా చేయాలని 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం మొదలైంది. ఆ సంగతి మా చివరి స్లైడులో ఉంది. నర్సమ్మ పక్కనే ఉండి మిగతాది చెప్పింది.

ఫైళ్ళు కలపడం, కమాండు

మా తరగతికి ల్యాబు వారానికి ఒక్క పీరియడు. కరెంటు ఉంటేనే. 40 మందిమి, నడిచే కంప్యూటర్లు 7. మౌసు పద్ధతిలో అయితే కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్ళే స్లైడ్లు చేస్తారు, వెనక నిలబడినవాళ్ళు చూస్తారు. ఎప్పుడూ అంతే జరిగింది. ఈ పద్ధతిలో సగం కంటె ఎక్కువ పని నోటుబుక్కులోనే అయిపోతుంది. స్టడీ అవరులో, ఆదివారం చెట్టు కింద, సెలవులకు ఇంటికి పోయినప్పుడు కూడా హ్యాష్‌లు, గీతలు పెట్టి రాసుకోవచ్చు. ల్యాబులో టైపు చేయడమే మిగులుతుంది. మా ఆరు గుంపులు ఆరు ఫైళ్ళు రాసినయి. పాండాక్‌కు ఎన్ని ఫైళ్ళ పేర్లు ఇస్తే అన్నీ ఆ వరుసలో కలిపి ఒకే పీడీఎఫ్ చేస్తుంది.

ఫైళ్ళకు పేర్లు పెట్టేటప్పుడు 1, 2, 3 అని కాక 01, 02, 03 అని పెట్టండి. లేకపోతే ఫైళ్ళు పది దాటినప్పుడు కంప్యూటరు వరుసలో 10 వచ్చి 2 కంటె ముందు కూర్చుంటుంది. అది అంకె విలువ చూడదు, మొదటి గుర్తు చూస్తుంది. నిఘంటువులో మాటలు పేర్చినట్టు.

కమాండు ఇట్లా ఉంటుంది: మొదట పాండాక్ అని, తర్వాత ఫైళ్ళ పేర్లు, తర్వాత చిన్న గీత పెట్టి టీ అక్షరం, పక్కన బీమర్. మళ్ళా చిన్న గీత పెట్టి ఓ అక్షరం, పక్కన బయటికి రావలసిన పీడీఎఫ్ పేరు. తర్వాత జీటెక్ సంగతి, ఫాంటు సంగతి, లిపి సంగతి. ఇంగ్లీషు అక్షరాలతో పూర్తి వరుస ల్యాబు బోర్డు మీద ఎడమ మూలన ఉంది, దయచేసి ఎవరూ తుడవవద్దు. ఇంత పొడుగు వరుస ప్రతిసారి కొట్టకుండా సారు దాన్ని ఒక చిన్న ఫైలులో రాసి పెట్టిండు. ఇప్పుడు ఆ ఫైలు పేరు కొట్టి ఎంటర్ నొక్కితే చాలు.

ఈ పద్ధతిలో నచ్చనివి కూడా ఉన్నాయి. ఒక స్లైడులో ఎక్కువ రాస్తే బీమర్ దాన్ని రెండు స్లైడ్లు చేయదు, మిగిలిన వరుసలు తెర కిందికి దిగి కనబడకుండా పోతాయి. తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులైతే ప్రతి కానుపులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు అని చెప్పే స్లైడులో మావాళ్ళు 14 వరుసలు రాసిండ్రు, కింద నాలుగు మాయం. విడగొట్టి రెండు స్లైడ్లు చేసినంక వినేవాళ్ళకు కూడా బాగా అర్థమైంది, అది వేరే సంగతి. ఇంకోటి, పాండాక్ చిన్నదే గాని దాని వెనక ఉండే లాటెక్ సామాను మొత్తం పెట్టుకుంటే కొన్ని జీబీలు ఉంటుంది. మన ఇంటర్నెట్టుతో దించుకోలేము. సారు హార్డ్ డిస్కులో పట్టుకొచ్చిండు. 8వ తరగతి వాళ్ళు అక్షరాలు ఎగురుకుంట రావాలని అడుగుతున్నారు, అవి ఇందులో రావు. నాకైతే ఎగిరే అక్షరాలు నచ్చవు, చదువుదామనేసరికి పారిపోతాయి. పాయింట్లు ఒక్కొక్కటిగా రావాలంటే మాత్రం మధ్యలో ఒక వరుస వదిలి మూడు ఫుల్‌స్టాపులు ఖాళీలతో పెట్టండి, అక్కడ ఆగి మళ్ళా నొక్కితే తరువాతిది వస్తుంది.

మన గోండి లిపి

మన ఆదిలాబాదు జిల్లా నార్నూరు మండలంలో గుంజాల ఊరు ఉంది. అక్కడ దొరికిన పాత రాతప్రతుల లిపిని గుంజాల గోండి లిపి అంటారు. 2018లో యూనికోడ్ పట్టికలో దానికి నంబర్లు ఇచ్చిండ్రు. అంతకు ముందు సంవత్సరం 2017లో మసరాం గోండి అనే ఇంకో లిపికి ఇచ్చిండ్రు, దాన్ని 1918లో మధ్యప్రదేశ్‌లో మున్షీ మంగల్ సింగ్ మసరాం తయారుచేసిండు. నోటో ఫాంట్లలో ఈ రెండు లిపులకూ ఫాంట్లు ఉన్నాయి, అవి కూడా ఉచితమే.

నంబరు ఉంది, ఫాంటు ఉంది. కాబట్టి తెలుగు ఎట్లా చేసినమో అదే దారిలో గోండి స్లైడుకు కూడా ప్రయత్నం చేయవచ్చు. మనలో గుంజాల లిపి చదవవచ్చిన 7వ తరగతి చెల్లె ఒకామె ఉంది, వాళ్ళ తాత నేర్పిండట. ఆమె నోటుబుక్కులో మొదటి స్లైడు రాసి ఇచ్చింది: పైన ఒక హ్యాష్, కింద నాలుగు అడ్డగీతలు, ఆ గుర్తుల పక్కన మన అక్షరాలు. ఈ లిపికి మన ల్యాబు కీబోర్డులో మీటలు లేవు కాబట్టి, యూనికోడ్ పట్టిక చూసి ఒక్కొక్క అక్షరం తెచ్చి అతికించాలి. ఆ పట్టిక కాగితం మీద తీసి ఉంచినము. వచ్చే శనివారం ల్యాబు పీరియడు మాది. కరెంటు ఉంటే నేను, ఆ చెల్లె, ఇంకా రావాలనుకునే ఇద్దరు కూర్చుంటాము. అక్షరాలు వెతికి చూపించడానికి చురుకు కళ్ళున్నవాళ్ళు కావాలి, టైపింగు రాకపోయినా సరే. పేర్లు శుక్రవారం సాయంత్రం లోపల నాకు ఇవ్వగలరు.